ఒకే సిరంజి ఎందుకు చేతులు మారుతుంది?

సూదితో తీసుకునే మత్తు, హెచ్ఐవీ: వెనకున్న డబ్బు, చట్టం, గూడు

క్లుప్తంగా: సూదితో మత్తు తీసుకునేవారిలో హెచ్ఐవీ వ్యాపించేది ఒకరి రక్తం అంటిన సిరంజిని ఇంకొకరు వాడటం వల్ల. అయితే ఆ సమయానికి చేతిలో వేరే సిరంజి ఉంటుందా లేదా అన్నది అంతకు చాలా ముందే తేలిపోతుంది. సరుకు ధర, సిరంజి దగ్గరుంటే పట్టుకునే చట్టం, తలదాచుకునే చోటు, జైలు, ఆసుపత్రి గుమ్మంలో ఎదురయ్యే తీరు, ప్రభుత్వాలు ఇచ్చే నిధులు కలిసి దాన్ని తేలుస్తాయి. ఒక ఊళ్లో వైరస్ దావానలంలా పాకి, పక్క ఊళ్లో ఆగిపోవడానికి కారణాలు అక్కడే దొరుకుతాయి.

రెండు ఊళ్లు, ఒకే హెరాయిన్

1980ల తొలినాళ్లలో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరా, గ్లాస్గో నగరాలు రెండింటినీ హెరాయిన్ ముంచెత్తింది. వాటి మధ్య దూరం సుమారు 70 కిలోమీటర్లు. దేశం ఒకటే, సరుకు ఒకటే, రెండు చోట్లా పనుల్లేని కుర్రకారే. ఎడిన్‌బరాలో ఒక వైద్యశాలకు వచ్చే 164 మంది హెరాయిన్ వాడకందార్ల రక్తం పరీక్షిస్తే 51 శాతం మందిలో హెచ్ఐవీ కనిపించిందని 1986లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. ఆ కాలంలో గ్లాస్గోలో అది 5 శాతం చుట్టుపక్కలే ఉంది.

తేడా సిరంజి దగ్గర వచ్చింది. ఎడిన్‌బరాలో పోలీసులు సోదాల్లో దొరికిన సిరంజిలను లాక్కునేవారు, వాటిని సాక్ష్యంగా చూపేవారు. ఆ ఒత్తిడికి దుకాణాలు అమ్మకం ఆపేశాయి. ఊళ్లో సిరంజిలకు కరువొచ్చింది, హెరాయిన్‌కు రాలేదు. పది, ఇరవై మంది ఒక గదిలో చేరి ఉన్న ఒకటి రెండు సిరంజిలతోనే పని కానిచ్చేవారు. సూది మొద్దుబారితే అగ్గిపెట్టె గీతపై రుద్ది మళ్లీ వాడటం ఇలాంటి కరువులో ఎక్కడైనా జరిగేదే. మత్తును అరికట్టాలని తీసుకున్న చర్య మత్తును ఆపలేకపోగా, వైరస్‌కు దారి వేసింది. 1986లోనే స్కాట్లాండ్ ప్రభుత్వం వేసిన నిపుణుల సంఘం శుభ్రమైన సూదులు ఇవ్వాలని సిఫారసు చేసింది. అప్పటికి ఎడిన్‌బరాకు ఆలస్యమైపోయింది.

రక్తం దాటే దారి

సూది నరంలో పడిందో లేదో చూసుకోవడానికి సిరంజిలో నొక్కే కడ్డీని (ప్లంజర్‌ను) కాస్త వెనక్కి లాగుతారు. లోపలికి ఎర్రగా రక్తం వస్తే సూది సరిగ్గా పడినట్టు. మందు ఎక్కించాక ప్లంజర్‌ను ఆఖరిదాకా నొక్కినా సిరంజి పూర్తిగా ఖాళీ కాదు. సూదిని విడిగా ఊడదీయగలిగే రకంలో సుమారు 84 మైక్రోలీటర్ల ద్రవం మిగిలిపోతుంది. సూది సిరంజికే అతికి ఉండే ఇన్సులిన్ రకంలో మిగిలేది సుమారు 2 మైక్రోలీటర్లు. నీళ్లతో కడిగితే రెండింటిలోనూ రక్తం పలచబడుతుంది కానీ, మొదటి రకంలో మిగిలేది ఎక్కువ కాబట్టి ఎన్నిసార్లు కడిగితే ఈ తేడా అంత పెరుగుతుంది. అందుకే సూదుల పంపిణీ కార్యక్రమాలు అంకెలతో పాటు సిరంజి రకాన్ని కూడా చూసుకోవాలి. ఊడే సూదులకు అలవాటు పడ్డవారికి ఇన్సులిన్ సిరంజి చిన్నదిగా, లోతైన నరాలకు అందనిదిగా అనిపిస్తుంది. వాళ్లకు పనికిరాని రకం ఇస్తే పెట్టెలు నిండుగా ఉండిపోతాయి, పంచుకోవడం సాగుతూనే ఉంటుంది.

గాలి తగిలి ఆరిపోయిన రక్తపు మరకలో హెచ్ఐవీ ఎక్కువసేపు నిలవదు. సిరంజి గొట్టంలో మిగిలిన రక్తం మాత్రం ఆరదు. 1999 నాటి ప్రయోగంలో కొన్ని సిరంజిల్లో 42 రోజుల తర్వాత కూడా సజీవ వైరస్ దొరికింది. వేడి పెరిగేకొద్దీ ఈ గడువు బాగా తగ్గుతుంది, చల్లగా ఉంటే పెరుగుతుంది.

హెచ్ఐవీ ఉండి మందులు వాడని వ్యక్తి సిరంజిని ఇంకొకరు వాడితే వైరస్ సోకే అవకాశం 10,000 సార్లకు సుమారు 63. ఆసుపత్రి సిబ్బందికి పొరపాటున సూది గుచ్చుకుంటే అది 23. అర శాతం పైచిలుకే కదా అనిపించవచ్చు. కానీ ఈ పని రోజూ జరుగుతుంది. రోజుకు రెండుసార్లు చొప్పున వంద రోజులు అలాంటి సిరంజి వాడితే, లెక్క ప్రకారం సోకే అవకాశం 70 శాతం దాటుతుంది.

ఇంకో రెండు విషయాలు దీన్ని పెంచుతాయి. ఒకటి, సిరంజి పంచుకోకపోయినా మందు కలిపే చెంచా, వడకట్టే దూది, కడిగే నీళ్లు పంచుకోవడం. హెచ్ఐవీకి ఈ దారి సిరంజి అంత ప్రమాదకరం కాకపోయినా, కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-సి వైరస్‌కు ఇది రాచబాట. రెండు, కొత్తగా సోకిన తొలి వారాల్లో ఒంట్లో వైరస్ అత్యధికంగా ఉంటుంది, ఆ సమయంలో పరీక్షలో దొరకకపోవచ్చు. నరం నుంచి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేసే యాంటిజెన్-యాంటీబాడీ పరీక్ష కూడా సోకిన 18 నుంచి 45 రోజులకు గానీ దాన్ని పట్టుకోలేదు. పదిమంది రోజూ కలిసే బృందంలో ఒకరికి కొత్తగా సోకితే, అతనికి సంగతి తెలిసేలోపే మిగతావారికి అంటే వీలుంది. వీరిలో హెచ్ఐవీ నెమ్మదిగా పెరగక, ఒక్కసారిగా భగ్గుమనడానికి కారణం ఇదే.

ఒక్క మోతాదు, ముగ్గురి డబ్బు

పేదరికం వల్ల హెచ్ఐవీ వస్తుందని ఊరికే అనేస్తుంటారు. ఎలా వస్తుందో దగ్గరగా చూడాలి. ఒక పొట్లం కొనడానికి ముగ్గురు డబ్బు వేసుకున్నారనుకుందాం. పొడిని కంటి చూపుతో మూడు సమాన వాటాలు చేయడం కష్టం, గొడవలొస్తాయి. నీళ్లలో కరిగిస్తే మాత్రం సిరంజి మీది గీతలే కొలపాత్ర. మొత్తం ఒక సిరంజిలోకి లాగి, గీతల లెక్కన మిగతా ఇద్దరి సిరంజిల్లోకి పోస్తారు. ఆ కొలిచే సిరంజి అంతకుముందు ఎవరైనా వాడినదైతే ముగ్గురి వాటాలోనూ ఆ రక్తం ఉంటుంది. "నేను ఎవరి సూదీ వాడలేదు" అని ఒకరు నిజాయితీగానే చెప్పవచ్చు. అయినా సోకుతుంది.

సిరంజి ఒక్కటే ఉంటే వరస ముఖ్యం. ఎక్కువ డబ్బు పెట్టినవాడు, సరుకు తెచ్చినవాడు ముందు. డబ్బులేని వాడు, ఉత్త చేతులతో వచ్చి అడిగిన వాడు ఆఖరు. ముందు వాడిన అందరి రక్తం చేరేది అతనికే. బృందంలో ఎవరు అందరికంటే పేదో వాళ్ల వంతే అందరికంటే ప్రమాదకరం. కొత్తగా చేరిన చిన్నవాళ్ల సంగతీ ఇంతే. సొంతంగా ఎక్కించుకోవడం రాక ఇంకొకరి చేతి మీద ఆధారపడతారు.

ధర ఇంకో వైపు నుంచీ పనిచేస్తుంది. పొగ పీల్చితే సరుకులో కొంత గాలిలో కలుస్తుంది. అదే మత్తు సూదితో తక్కువ సరుకుతో వస్తుంది. ధర పెరిగినా, నాణ్యత పడిపోయినా పీల్చేవారు సూది వైపు జరుగుతారు. అందుకే ఒక సరుకు మీద గట్టిగా దాడులు జరిగిన తర్వాతి నెలలు ప్రజారోగ్య శాఖకు జాగ్రత్త కాలం. సరుకు తగ్గిందన్న వార్త వెనకే, సూది పట్టినవాళ్లు ఎంత పెరిగారో చూడాలి. మణిపూర్‌లో హెరాయిన్ దొరకనప్పుడు, ధర అందనప్పుడు నొప్పి మాత్రల పొడిని నీళ్లలో కలిపి ఎక్కించుకోవడం మొదలైంది. మింగడానికి చేసిన మందు సరిగా కరగదు, నరాలను మూసేస్తుంది, పుండ్లు పడతాయి, చేతులు కాళ్లు తీసేయాల్సి వచ్చినవారూ ఉన్నారు. మయన్మార్ సరిహద్దు మీదుగా హెరాయిన్ వచ్చే ఆ రాష్ట్రంలో 1989 దాకా సూదితో మత్తు తీసుకునేవారి పరీక్షల్లో హెచ్ఐవీ కనబడలేదు. 1990లో సగం మందిలో కనబడింది.

వీటన్నిటి కింద శరీరపు తొందర ఉంది. మోతాదు ఆలస్యమైతే ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, వణుకు మొదలవుతాయి. ఆ స్థితిలో ఉన్న మనిషికి శుభ్రమైన సూది మూడు కిలోమీటర్ల దూరంలో, రేపు పొద్దున్న పది గంటలకు దొరుకుతుందంటే అది లేనట్టే. హెచ్ఐవీ గురించి తెలియక పంచుకునేవారి కంటే తెలిసీ పంచుకునేవారే ఎక్కువ. గోడ మీద పోస్టర్లతో ఈ వ్యాప్తి ఆగకపోవడం అందుకే.

జేబులో సిరంజి, చేతికి సంకెళ్లు

సిరంజి దొరకడమే నేరమైన చోట, పట్టుబడినప్పుడు అదే సాక్ష్యమైన చోట ఎవరూ సొంత సిరంజి వెంట ఉంచుకోరు. సరుకు దొరికిన చోట ఏది ఉంటే అది వాడతారు. పోలీసులు వచ్చేలోపు ముగించాలన్న కంగారులో కడగడం, కొత్తది విప్పడం జరగవు. వాడినవాటిని జేబులో పెట్టుకుని కేంద్రానికి తిరిగి తేవాలంటే భయం, కాబట్టి పొదల్లో, గోడ సందుల్లో విసిరేస్తారు. చుట్టుపక్కలవాళ్లు ఆ సూదులను చూసి, సహజంగానే కోపగించి, పంపిణీ కేంద్రాన్ని మూసేయమంటారు.

అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఆస్టిన్ అనే ఊరు దీనికి పాఠం లాంటిది. జనాభా నాలుగు వేల పైచిలుకు. ఆ ఊరున్న స్కాట్ కౌంటీలో అయిదో వంతు జనం దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నారు. అంతకుముందు అక్కడ ఏడాదికి అయిదు హెచ్ఐవీ కేసులు కూడా ఉండేవి కావు. ఆక్సీమార్ఫోన్ అనే నొప్పి మాత్రను పొడిచేసి ముక్కుతో పీల్చేవారు. పొడి కాకుండా ఆ మాత్ర తయారీని 2012లో మార్చారు. పీల్చడం కుదరక జనం ఇంజెక్షన్‌కు మారారు. మాత్ర ఖరీదైనది, అందుకే పంచుకున్నారు. దాని ప్రభావం త్వరగా దిగిపోతుంది, అందుకే రోజుకు 4 నుంచి 15 సార్లు ఎక్కించుకున్నారు. ఒక్కోసారి కూర్చున్నప్పుడు ఒకరి నుంచి ఆరుగురి దాకా పంచుకునేవారు. ఒకే ఇంట్లో మూడు తరాలవారు కలిసి తీసుకున్న ఉదంతాలు దర్యాప్తులో బయటపడ్డాయి. ఉచితంగా హెచ్ఐవీ పరీక్షలు చేసే ఏకైక క్లినిక్ 2013లో మూతపడింది. సూదుల పంపిణీని రాష్ట్ర చట్టం నిషేధించింది. 2014 నవంబరు నుంచి 2015 నవంబరు లోపు 181 మందికి హెచ్ఐవీ తేలింది. వారిలో 90 శాతానికి పైగా హెపటైటిస్-సి కూడా ఉంది.

2015 మార్చి 26న గవర్నర్ అత్యవసర పరిస్థితి ప్రకటించి సూదుల పంపిణీకి తాత్కాలిక అనుమతి ఇచ్చాక కొత్త కేసులు పడిపోయాయి. ఆ కేంద్రాన్ని ఆపేయాలని 2021లో కౌంటీ కమిషనర్లు ఓటు వేశారు. మంట ఆరింది కదా అని నీళ్ల తొట్టి తీసేసినట్టయింది.

తలుపు లేని బతుకు

సిరంజిలు చాలినంత పంచితే చాలా? కెనడాలోని వాంకూవర్ అనుభవం చాలదంటోంది. 1990ల మధ్యలో ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద సూదుల పంపిణీ కార్యక్రమం అక్కడే ఉండేది. అయినా 1996-97లో అక్కడి డౌన్‌టౌన్ ఈస్ట్‌సైడ్ ప్రాంతంలో హెచ్ఐవీ విరుచుకుపడింది. కొకైన్ దీనికి పెద్ద కారణం. హెరాయిన్ ప్రభావం గంటల తరబడి ఉంటుంది, రోజుకు రెండు నాలుగు సార్లతో సరిపోతుంది. కొకైన్ నిమిషాల్లో దిగిపోతుంది, అదేపనిగా తీసుకునేవారు రోజుకు 15, 20 సార్లు ఎక్కించుకుంటారు. ఒక్క రాత్రికే ఇరవై సూదులు కావాలి. వాడిన సూది ఇస్తేనే కొత్తది, అదీ ఒకటికి ఒకటి అన్న నిబంధన అక్కడ నిలబడదు. దీనికి తోడు ఇరుకు గదుల పాత హోటళ్లు, మానసిక సమస్యలు, గూడు లేని జనం అంతా కొన్ని వీధుల్లోనే.

1980ల్లో తప్పించుకున్న గ్లాస్గో కూడా తర్వాత తప్పించుకోలేకపోయింది. సూదుల పంపిణీ, హెరాయిన్‌కు బదులు నోటితో ఇచ్చే మందు మెథడోన్‌తో చికిత్స రెండూ దండిగా ఉన్న నగరమది. 2015లో అక్కడ వ్యాప్తి మొదలైంది. నగర నడిబొడ్డున సూదితో మత్తు తీసుకునేవారిలో హెచ్ఐవీ ఉన్నవారు 2011-12లో 1.1 శాతం ఉంటే 2017-18కి 10.8 శాతమయ్యారు. ఇల్లు లేకపోవడం, కొకైన్ ఇంజెక్షన్లు ఈ పెరుగుదలతో గట్టిగా ముడిపడ్డాయని పరిశోధకులు తేల్చారు. రద్దీగా ఉండే రైల్వేస్టేషన్లోని సూదుల పంపిణీ కేంద్రం సరిగ్గా వ్యాప్తి మధ్యలోనే, 2017లో మూతపడింది.

ఇల్లు లేకపోతే ఏమవుతుంది? చెయ్యి కడుక్కునే నీళ్లుండవు, నరం కనబడే వెలుతురు ఉండదు. కొత్త సూదుల పొట్లం దాచుకునే చోటుండదు, ఉన్న సంచీ దొంగిలించబడుతుంది, లేదా శుభ్రత పేరుతో చెత్త బండిలో పోతుంది. హెచ్ఐవీ మాత్రలూ ఆ సంచీలోనే ఉంటాయి. రోజూ ఒక వేళకు మాత్ర వేసుకోమని చెప్పడం తేలిక. తలుపు, అలమర, గడియారం ఉన్నవాళ్లను ఉద్దేశించిన సలహా అది.

జైలు లోపల, జైలు బయట

జైల్లో సరుకు దొరుకుతుంది, సూది దొరకదు. ఒక్క సిరంజి లోపలికి వస్తే అది నెలల తరబడి తిరుగుతుంది. బాల్‌పెన్ గొట్టంతో, డ్రాపర్‌తో సొంతంగా చేసుకున్నవి మరీ ఘోరం. వాటిలో రక్తం మిగిలే చోటు ఎక్కువ, కడగడం అసాధ్యం. పైగా బయట ఎప్పుడూ కలవని బృందాలు లోపల కలుస్తాయి. బ్యాంకాక్‌లో 1988 మొదట్లో మత్తు మాన్పే చికిత్సకు వచ్చేవారిలో ఒక శాతం చుట్టూ ఉన్న హెచ్ఐవీ, అదే ఏడాది చివరకు 30 శాతం దాటింది. అంతకు కొద్ది నెలల ముందు క్షమాభిక్షతో పెద్ద సంఖ్యలో ఖైదీలు విడుదల కావడం ఇందుకు ఒక కారణమని పరిశోధకులు అనుమానించారు.

విడుదల రోజు కూడా ప్రమాదకరమే. మందుల చీటీ లోపలే ఉండిపోతుంది, బయట కొత్త ఆసుపత్రిలో మళ్లీ నమోదు, మళ్లీ గుర్తింపు కార్డు. ఈ వ్యవధిలో హెచ్ఐవీ మాత్రలు ఆగితే కొన్ని వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ పెరుగుతుంది. ఆ మనిషి తిరిగి చేరేది పాత బృందంలోకే.

ఆమె వంతు ఎప్పుడూ రెండోదే

సూదితో మత్తు తీసుకునే స్త్రీలు పురుషులకంటే చాలా తక్కువ, కానీ అనేక దేశాల్లో వారిలో హెచ్ఐవీ శాతం ఎక్కువ. చాలామందికి మొదటి సూది వేసేది భర్తో, ప్రియుడో. సరుకు తెచ్చేదీ, సిరంజి పట్టేదీ అతనే, ఎక్కించేదీ అతనే. అతను ముందు, ఆమె తర్వాత. వేరే సూది కావాలంటే అతన్ని శంకించినట్టవుతుంది, దెబ్బలు తినాల్సి రావచ్చు. రోజువారీ మోతాదు కోసం ఒళ్లు అమ్ముకోవాల్సి వస్తే కండోమ్ గురించి పట్టుబట్టే బలమూ ఉండదు. రెండు దారుల్లోనూ వైరస్ ఎదురొస్తుంది.

కేంద్రాలేమో మగవాళ్లను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఒకే వరస, ఒకే గది, బిడ్డను కూర్చోబెట్టే చోటుండదు. నమోదైతే బిడ్డను తీసుకుపోతారన్న భయం చాలా దేశాల్లో నిజమైనదే. ఆడవాళ్లకు విడిగా ఒక పూట, ఆడ సిబ్బంది, ప్రసూతి సేవలు అక్కడే ఉంటే రాక పెరుగుతుంది.

ఆసుపత్రి గుమ్మం

చేతి మీద సూది గుర్తులు చూడగానే మాట మారిపోతుంది. ముందు మత్తు మానేసి రా, తర్వాత హెచ్ఐవీ మందులు ఇస్తాం అనే డాక్టర్లు ఇప్పటికీ ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల్లో అలాంటి షరతు లేదు. మత్తు తీసుకుంటున్నా హెచ్ఐవీ మాత్రలు పనిచేస్తాయి, వైరస్ తగ్గుతుంది, దానితోపాటు ఇంకొకరికి సోకే ప్రమాదమూ బాగా తగ్గుతుంది. చికిత్సకు వచ్చినవారి పేర్లు పోలీసులకు అందే వ్యవస్థ ఉన్న దేశాల్లో జనం జబ్బు ముదిరాకే వస్తారు.

అనుమానం ఉన్న సిరంజి వాడినవారికి 72 గంటల్లోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులు ఉన్నాయి. ఆసుపత్రి సిబ్బందికి సూది గుచ్చుకుంటే వెంటనే గుర్తొచ్చే ఈ మందులు, వీళ్ల విషయంలో చాలాచోట్ల ఎవరికీ గుర్తురావు.

ఖజానా ఖాళీ అయితే

సోవియట్ యూనియన్ కూలాక 1990ల మధ్యలో ఉక్రెయిన్‌లో ఒడెసా, మైకొలాయివ్, బెలారుస్‌లో స్వెత్లగోర్స్క్, రష్యాలో కాలినిన్‌గ్రాద్ పట్టణాల్లో ఇదే పద్ధతిలో హెచ్ఐవీ పేలింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఓడరేవుల్లో రాకపోకలు పెరిగాయి, గసాల గడ్డితో ఇంట్లో కాచిన ద్రవం చవగ్గా దొరికింది. ఆ ద్రవాన్ని అమ్మేవాడి గిన్నెలోంచే, వాడిన సిరంజిలతోనే ముంచి తీసుకునేవారు. రష్యాలో మెథడోన్ ఇప్పటికీ నిషిద్ధం. 2014లో క్రిమియా రష్యా చేతికి వెళ్లాక అక్కడ ఆ చికిత్స పొందుతున్న సుమారు 800 మందికి మందు ఆగిపోయింది.

గ్రీస్ రాజధాని ఏథెన్స్ కథ ఇటీవలిది. అక్కడ ఈ వర్గంలో ఏటా ఇరవైలోపే ఉన్న కొత్త కేసులు, ఆర్థిక సంక్షోభం నడిమధ్య 2011లో 200 దాటాయి, 2012లో 500 దాటాయి. ఉద్యోగాలు పోయి, ఇళ్లు పోయి వీధిన పడ్డవారు పెరిగారు. మెథడోన్ కోసం పేరు రాయించుకుంటే ఏళ్లు వేచి ఉండాలి. సూదుల పంపిణీ నామమాత్రం. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లోనూ అప్పుడే వ్యాప్తి మొదలైంది. అంతర్జాతీయ నిధులు ఆగిపోయిన సమయానికే, హెరాయిన్ నుంచి రోజుకు చాలాసార్లు ఎక్కించుకునే కొత్తరకం ఉత్తేజక మత్తుమందులకు జనం మారారు.

ఏథెన్స్ కోలుకున్న పద్ధతి నేర్చుకోదగినది. 2012-13లో వాడకందార్లకే కూపన్లు ఇచ్చి, తమకు తెలిసినవారిని పరీక్షకు తీసుకొస్తే చిన్న మొత్తం చెల్లించారు. వేల మంది వచ్చారు. అక్కడికక్కడే ఫలితం, సూదులు, చికిత్సకు దారి చూపారు. కొత్త కేసులు వేగంగా దిగివచ్చాయి.

ఎంత ఇస్తే ఎంత ఆగుతుంది

ఒక్కో వ్యక్తికి ఏడాదికి 100 లోపు సిరంజిలు ఇస్తే తక్కువ, 200 దాటితే ఎక్కువ అని ఐక్యరాజ్యసమితి సంస్థల కొలత. లెక్క వేసి చూడండి. రోజుకు మూడుసార్లు ఎక్కించుకునే వ్యక్తికి ఏడాదికి 1,095 కావాలి. 200 అంటే అయిదో వంతు కూడా కాదు. అయినా ఫలితం ఉంటుంది. తన సిరంజిని తానే మళ్లీ వాడితే చీము పట్టవచ్చు, నరం చెడవచ్చు, హెచ్ఐవీ మాత్రం రాదు. ఎవరిది వారికి ఉండటమే ముఖ్యం. కొకైన్ ఊళ్లో ఈ లెక్క పనికిరాదు. రోజుకు 13 సార్లయితే 200 సిరంజిలు పదిహేను రోజులకే అయిపోతాయి. పంపిణీ లక్ష్యం మనుషుల సంఖ్యతో కాక ఇంజెక్షన్ల సంఖ్యతో కట్టాలి.

బ్లీచ్‌తో కడగమనే సలహాను ఆఖరి గతిగానే చూడాలి. గడ్డకట్టిన రక్తంలోకి బ్లీచ్ సరిగా వెళ్లదు, కంగారులో చెప్పినంతసేపు ఎవరూ ఉంచరు.

సూదికి బదులు నోటితో తీసుకునే మెథడోన్, నాలుక కింద పెట్టుకునే బ్యూప్రెనార్ఫిన్ ఇంకా బలంగా పనిచేస్తాయి. 2005 నుంచి ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. ఈ చికిత్స హెచ్ఐవీ సోకే ప్రమాదాన్ని సుమారు 54 శాతం తగ్గిస్తుందని 2012లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. ఇది ఎక్కడ చెడుతుంది? మోతాదు దగ్గర. మెథడోన్ స్థిరపడ్డాక సాధారణంగా రోజుకు 60 నుంచి 120 మిల్లీగ్రాములు కావాలి. మందు మీది అపనమ్మకంతో 30, 40 దగ్గర ఆపితే సాయంత్రానికి వణుకు మొదలై మనిషి మళ్లీ సూది పడతాడు, చికిత్స పనిచేయలేదని రాసుకుంటారు. రెండోది వేళలు. రోజూ పొద్దున్న తొమ్మిది, పన్నెండు మధ్య వచ్చి మింగాలంటే కూలీకి వెళ్లేవాడు మందు వదులుకోవాలి, లేదా పని వదులుకోవాలి. కొన్ని రోజుల మందు ఇంటికి ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. మూడోది, కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్తేజక మత్తుమందులకు ఇలాంటి ప్రత్యామ్నాయ మందు ఇంకా లేదు. అక్కడ సిరంజి, సిబ్బంది కళ్ల ముందు ఎక్కించుకునే గది, ఇల్లు మాత్రమే ఆధారం.

పోర్చుగల్ 2001 జులైలో సొంత వాడకానికి ఉంచుకున్న కొద్దిపాటి మత్తుపదార్థాన్ని జైలు శిక్ష పరిధి నుంచి తప్పించింది. ఆ ఏడు వాడకందార్లలో వెయ్యికి పైగా కొత్త హెచ్ఐవీ కేసులు నమోదైతే 2012కు అవి వంద లోపుకు వచ్చాయి. దీన్ని చట్టం ఒక్కదాని ఘనతగా చెప్పడం సరికాదు. 1993 నుంచే మందుల షాపుల్లో సిరంజిల మార్పిడి ఉంది, మెథడోన్‌ను బాగా పెంచారు. చట్టం చేసింది ఏమిటంటే, ఆ రెండింటి దగ్గరికి భయపడకుండా వెళ్లనిచ్చింది. భారత్‌లో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వాడకాన్నే నేరంగా చూస్తుంది, కానీ 2018 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన 2017 హెచ్ఐవీ చట్టంలోని 22వ సెక్షన్ శుభ్రమైన సూదులు ఇవ్వడం, తీసుకోవడం వంటి నివారణ చర్యలు నేరం కావని చెబుతుంది. ఈ రెండో సంగతి వీధిలో ఉన్న కానిస్టేబుల్‌కు తెలిసేదాకా అది కాగితం మీదే. దేశంలో పెద్దవారిలో హెచ్ఐవీ 0.2 శాతం ఉంటే సూదితో మత్తు తీసుకునేవారిలో 2021 నిఘా సర్వే ప్రకారం సుమారు 9 శాతం.

ఇక ముందు

2025 జనవరి 13న గ్లాస్గోలో, వైద్య సిబ్బంది కళ్ల ముందు శుభ్రమైన సూదితో ఎక్కించుకునే కేంద్రం మొదలైంది. వాంకూవర్ ఆ పని 2003లోనే చేసింది. అదే జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేసింది. తర్వాత ప్రాణరక్షక హెచ్ఐవీ మందులకు మినహాయింపు ఇచ్చినా, సూదితో మత్తు తీసుకునేవారి మధ్య తిరిగే నివారణ కార్యక్రమాలు చాలావరకు దాని బయటే ఉండిపోయాయి.

ఇలాంటి కోత ప్రభావం ఒక వరసలో కనబడుతుంది. ముందు వీధుల్లో తిరిగి సూదులిచ్చే కార్యకర్తల జీతాలు ఆగుతాయి. వారంలోనే సిరంజిలు చేతులు మారడం మొదలవుతుంది. ఆ కార్యకర్తలే పరీక్షలకు జనాన్ని తీసుకొచ్చేవారు కాబట్టి పరీక్షలూ తగ్గుతాయి, కొత్త కేసుల అంకె కొన్నాళ్లు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మకూడదు. హెచ్ఐవీ కంటే చాలా తేలిగ్గా సూదితో పాకే హెపటైటిస్-సి ముప్పై ఏళ్లలోపు వారిలో కొత్తగా పెరుగుతోందా, ఆసుపత్రులకు సూది పుండ్లతో వచ్చేవారు ఎక్కువయ్యారా అన్నది చూడాలి. ఆస్టిన్‌లో హెచ్ఐవీ బయటపడటానికి ముందే హెపటైటిస్-సి అక్కడ పాకి ఉంది. అప్పుడే దాన్ని లెక్కలోకి తీసుకుని ఉంటే, సిరంజిల పెట్టెలు 181 మంది తర్వాత కాక ముందే ఆ ఊరు చేరేవి.